టీమ్ మాటలు ఎక్కడ దాచుకోవాలి?

డేటాబేస్ ఏది వాడాలి అన్నదాని మీద మనం వారం రోజులు వాదించుకుంటాం. పోస్ట్‌గ్రెస్సా, మాంగోడీబీయా అని రెండు పార్టీలుగా విడిపోతాం. ఆ వాదన ఎక్కడ జరగాలి అన్న ప్రశ్నకి మాత్రం పది సెకన్లలో జవాబు వచ్చేస్తుంది. "గ్రూప్ క్రియేట్ చెయ్యరా, అందర్నీ యాడ్ చెయ్." అంతే. మన మినీ ప్రాజెక్టుల్లోనే అనుకునేరు, జీతాలిచ్చే చిన్న కంపెనీల్లో కూడా ఇదే సీన్.

నాకైతే ఇది తలకిందుల వ్యవహారంలా అనిపిస్తుంది. డేటాబేస్ నచ్చకపోతే రేపు మార్చుకోవచ్చు. నాలుగు రాత్రులు కష్టపడితే డేటా మొత్తం కొత్తదాంట్లోకి వచ్చేస్తుంది. కానీ ఫలానా నిర్ణయం ఎందుకు తీసుకున్నాం అన్న మాట పోయిందంటే ఏ స్క్రిప్టూ దాన్ని వెనక్కి తేలేదు. అందుకని నేను చెప్పదలుచుకున్నది ఇదీ: కలిసి పనిచేసే టీమ్‌కి చాట్ ఒక్కటే సరిపోదు, టాపిక్‌ల వారీగా రాసుకునే ఒక డిస్కషన్ ఫోరమ్ ఉండాలి. అది ఓపెన్‌సోర్స్‌ది అయితే మంచిది. దాన్ని ఎంచుకునేటప్పుడు ఫీచర్ల లిస్టు చూసే ముందు "రేపు కొత్తగా చేరేవాళ్లకి ఇందులో ఏం దొరుకుతుంది?" అని అడగాలి.

ఫోరమా, అది మన సీనియర్ల సీనియర్ల కాలం నాటిది కదా అని నవ్వకండి. కాస్త ఆగి చదవండి.

చాట్‌లో పోయేది ఏంటి?

చాట్‌లో మాటలు టైమ్ ప్రకారం పేరుకుంటాయి. ఫోరమ్‌లో విషయం ప్రకారం పేరుకుంటాయి. తేడా అదొక్కటే, కానీ దాని ప్రభావం చాలా పెద్దది. చాట్‌లో సర్వర్ డౌన్ అయిన సంగతి, దాని కింద బర్త్‌డే కేక్ ఫోటో, దాని కింద "లంచ్‌కి ఎవరెవరు?", మళ్లీ దాని కింద సర్వర్ గురించి సగం జవాబు. అప్పుడు అక్కడున్నవాళ్లకి అంతా అర్థమవుతుంది. రెండు నెలల తర్వాత చదివేవాళ్లకి ఒక్క ముక్క అర్థం కాదు.

ఈ వేసవిలో నేను ఓ చిన్న కంపెనీలో రెండు నెలలు ఇంటర్న్‌గా చేశా. నాకిచ్చిన కోడ్‌లో పేమెంట్ రిక్వెస్ట్‌కి టైమవుట్ 45 సెకన్లు అని ఉంది. ముప్పై కాదు, అరవై కాదు, సరిగ్గా 45. తగ్గించొచ్చా అని అడిగితే ఎవరూ అవుననలేదు, కాదనలేదు. "దాన్ని ముట్టుకోకు, ఏదో కారణం ఉంది" అన్నారు. చాట్‌లో "టైమవుట్" అని వెతికితే వందల మెసేజ్‌లు వచ్చాయి. వాటిల్లో ఒకచోట "కాల్‌లో మాట్లాడుకున్నట్టు 45 పెట్టేశా" అని ఉంది, కింద నాలుగు థంబ్స్‌అప్‌లు. ఆ కాల్‌లో ఏం మాట్లాడుకున్నారో తెలిసిన అన్న కంపెనీ మారిపోయాడు. ఆ 45 ఇప్పటికీ అలాగే ఉండి ఉంటుంది, కారణం తెలియని ఆచారంలాగా.

ఇందులో ఎవరూ బద్ధకంగా లేరు, అందరూ మంచివాళ్లే. వాళ్లు వాడిన సాధనం అలాంటిది. చాట్ అనేది రచ్చబండ లాంటిది. కూర్చుంటాం, మాట్లాడుకుంటాం, దులుపుకుని లేచి వెళ్లిపోతాం. రచ్చబండ ఉండాల్సిందే. కానీ పొలం హద్దులు ఎక్కడో రచ్చబండని అడిగితే చెప్పదు కదా, దానికి రాసిపెట్టిన కాగితం కావాలి.

దీనివల్ల ఎక్కువ నష్టపోయేది ఎవరు? పదేళ్ల అనుభవం ఉన్నవాళ్లకి విషయాలన్నీ బుర్రలోనే ఉంటాయి. వాళ్లకి ఫోరమ్ లేకపోయినా పని నడుస్తుంది. ఇబ్బంది కొత్తగా చేరేవాళ్లది. అంటే ఇంకో రెండేళ్లలో నీది, నాది. ప్రతి చిన్నదానికీ ఒకరి డెస్క్ దగ్గరికెళ్లి "అన్నా, ఒక్క నిమిషం" అనాలి. మూడోసారికి వాళ్ల మొహం చూస్తే అడగబుద్ధి కాదు. అడగడం మానేస్తాం. మానేశాక ఊహించుకుని కోడ్ రాస్తాం. బగ్‌లు అక్కడే పుడతాయి.

ఇంకో సంగతి కూడా ఉంది. నేను ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లీష్ మీడియమే. మీటింగ్‌లో గబగబా మాట్లాడటం నాకు అలవాటు. మన క్లాసులోనే నాకంటే బాగా ఆలోచించేవాళ్లు, తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు, గ్రూప్ కాల్‌లో నోరు విప్పరు. వాళ్లు మనసులో వాక్యం కూర్చుకునేలోపు మాట ఇంకెక్కడికో వెళ్లిపోతుంది. అదే రాయమని ఒక రోజు టైమ్ ఇస్తే మా అందరి జవాబుల్లో వాళ్లదే బెస్ట్. చాట్‌లోనూ, కాల్‌లోనూ వేగం ఉన్నవాళ్లదే రాజ్యం. ఫోరమ్‌లో ఈ రోజు అడిగిన ప్రశ్నకి రేపు పొద్దున జవాబు రాసినా దాని విలువ తగ్గదు. టూల్ ఎంపిక అంటే ఎవరి మాట వినపడాలి అన్న ఎంపిక కూడా అని నేను అనేది అందుకే.

ఓపెన్‌సోర్సే ఎందుకు?

"ఫోరమ్ కావాలి సరే, రెడీమేడ్‌గా ఏదో ఒకటి తీసుకుంటే పోలా?" అనొచ్చు. తీసుకోవచ్చు. కానీ మన మాటలు వేరేవాళ్ల ఇంట్లో దాచుకున్నప్పుడు రూల్స్ వాళ్లవే ఉంటాయి. అవి ఎప్పుడైనా మారతాయి.

స్లాక్ ఫ్రీ ప్లాన్‌లో ఒకప్పుడు చివరి 10,000 మెసేజ్‌లు కనిపించేవి. 2022 సెప్టెంబర్ నుంచి దాన్ని చివరి 90 రోజులకి మార్చారు. 2024లో ఇంకో అడుగు వేశారు, ఫ్రీ ప్లాన్‌లో ఏడాది దాటిన మెసేజ్‌లని పూర్తిగా తీసేయడం మొదలుపెట్టారు. వాళ్లది వ్యాపారం, తప్పుపట్టలేం. కానీ ఫ్రీ కదా అని అందులో నిర్ణయాలు రాసుకున్న చిన్న టీమ్‌ల సంగతేంటి?

డబ్బు కడితే భద్రం అనుకుంటే అదీ గ్యారంటీ లేదు. మెటా కంపెనీ 2016లో ఆఫీసుల కోసం వర్క్‌ప్లేస్ అని ఒకటి తెచ్చింది. కంపెనీలు డబ్బు కట్టి మరీ వాడాయి. 2024 మేలో దాన్ని మూసేస్తున్నాం అని ప్రకటించారు. 2025 ఆగస్టు చివరి దాకా మామూలుగా వాడుకోండి, ఆ తర్వాత కొన్నాళ్లు చదువుకోవడానికి మాత్రమే, ఆ తర్వాత డేటా ఉండదు అన్నారు. టైమ్ ఇచ్చారు కాబట్టి మర్యాదగానే చేశారు. అయినా ఇల్లు ఖాళీ చేయాల్సింది మాత్రం అద్దెకున్నవాళ్లే.

మన లిటరరీ క్లబ్ వాళ్లకి దగ్గరి ఉదాహరణ ఇంకోటి చెప్తా. తెలుగు సాహిత్యం గురించి దేశవిదేశాల్లో ఉన్న తెలుగువాళ్లు వాదించుకున్న "రచ్చబండ" అనే గ్రూపు యాహూ గ్రూప్స్‌లో ఉండేది. ఛందస్సు దగ్గర్నుంచి కథల దాకా చర్చలు నడిచాయి. యాహూ 2019 చివర్లో గ్రూపుల్లో దాచిన పాత మెసేజ్‌లు, ఫైళ్లు తీసేయడం మొదలుపెట్టింది, 2020 డిసెంబర్‌లో ఆ సర్వీసే మూసేసింది. ముందుజాగ్రత్తగా కాపీ చేసుకున్నవాళ్లకి కాపీలు మిగిలాయి. చేసుకోని గ్రూపులకి ఏమీ మిగల్లేదు.

ఓపెన్‌సోర్స్ అంటే నాకు పెద్ద ఆదర్శమేమీ కాదు, ఇంటి తాళం మన జేబులో ఉండటం. తయారుచేసిన కంపెనీ రేపు మూతపడినా మన సర్వర్‌లో సాఫ్ట్‌వేర్ నడుస్తూనే ఉంటుంది. డేటాబేస్ మన చేతిలో ఉంటుంది. దాన్ని ఇంకో టూల్‌లోకి మార్చుకునే దారి ఉంటుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. "ఓపెన్‌సోర్స్" అన్న బోర్డు చూసి ఆగిపోకూడదు. కొన్నిట్లో లోపలి గది ఓపెన్, పై అంతస్తుకి టికెట్. ఉదాహరణకి మేటర్‌మోస్ట్‌లో కంపెనీ లాగిన్‌తో (ఎల్‌డ్యాప్, సామ్ల్ లాంటివి) కలపాలంటే డబ్బులిచ్చే ఎడిషన్ కావాలి. ఇది మోసం కాదు, వాళ్ల వెబ్‌సైట్‌లో రాసే ఉంటుంది. కాకపోతే ఇన్‌స్టాల్ చేసి ఆర్నెల్లు వాడాక కాకుండా ముందే చదువుకోవాలి.

మరి ఏది తీసుకోవాలి?

పేర్లు చెప్పకుండా నీతులు చెప్తే మన క్లబ్‌లో ఊరుకోరు కాబట్టి నా ఎంపికలు చెప్పేస్తా.

పాత లెక్కలో ఫోరమ్ అంటే పీహెచ్‌పీబీబీ. 2000 సంవత్సరం నుంచి ఉంది. ఏ చిన్న హోస్టింగ్‌లోనైనా నడుస్తుంది. ఫ్లారమ్ చూడ్డానికి అందంగా, తేలిగ్గా ఉంటుంది, లైసెన్స్ ఎంఐటీ. నోడ్‌బీబీ జావాస్క్రిప్ట్ తెలిసినవాళ్లకి సులువు. మూడూ బాగానే పనిచేస్తాయి. కానీ ఆఫీస్ టీమ్‌కి అయితే నా పోటీ డిస్కోర్స్‌కి, జూలిప్‌కి మధ్యే.

డిస్కోర్స్ 2013లో వచ్చింది. స్టాక్ ఓవర్‌ఫ్లో పెట్టినవాళ్లలో ఒకరైన జెఫ్ ఆట్‌వుడ్, రాబిన్ వార్డ్, సామ్ సాఫ్రన్‌లతో కలిసి మొదలుపెట్టాడు. లైసెన్స్ జీపీఎల్. ఒక టాపిక్‌కి ఒక పేజీ. ఈమెయిల్‌లో వచ్చిన నోటిఫికేషన్‌కి అక్కడే రిప్లై కొడితే అది ఫోరమ్‌లో పోస్ట్ అయ్యేలా సెట్ చేసుకోవచ్చు, కాబట్టి "నేను కొత్త యాప్ ఓపెన్ చెయ్యను" అనే మేనేజర్‌ని కూడా లోపలికి లాగొచ్చు. ఇందులో నాకు నచ్చిన విషయం ఒకటుంది. టాపిక్ టైటిల్ కనీసం 15 అక్షరాలు, పోస్ట్ కనీసం 20 అక్షరాలు ఉండాలని డిఫాల్ట్‌గా అడుగుతుంది. "ఓకే బ్రో" అని పోస్ట్ చేస్తే ఒప్పుకోదు. మొదట చిరాకేస్తుంది, తర్వాత రాసే పద్ధతే మారుతుంది. మైనస్ ఏంటంటే దీన్ని పబ్లిక్ కమ్యూనిటీల కోసం కట్టారు. ట్రస్ట్ లెవెల్స్, బ్యాడ్జ్‌లు లాంటివి పన్నెండు మంది ఉన్న ఆఫీస్‌కి అనవసరం. లాగిన్ లేకుండా ఎవరూ చూడకుండా సెట్టింగ్ కూడా మనమే పెట్టుకోవాలి.

జూలిప్ దారి వేరు. ఇది చూడ్డానికి చాటే, కానీ చానెల్‌లో పెట్టే మెసేజ్‌కి టాపిక్ ఉండాలన్నది దాని ప్రాణం. "పేమెంట్స్" అనే చానెల్, అందులో "టైమవుట్ 45 ఎందుకు" అనే టాపిక్. పక్క టాపిక్‌లో కేక్ ఫోటో పెట్టుకున్నా దీనికి అడ్డురాదు. మాట దారి తప్పితే ఆ మెసేజ్‌లని ఇంకో టాపిక్‌లోకి జరపొచ్చు. తేలిపోయిన టాపిక్‌కి టిక్ పెట్టి ముగించొచ్చు. 2014లో డ్రాప్‌బాక్స్ దీన్ని కొన్నది, 2015లో ఓపెన్‌సోర్స్ చేసింది, లైసెన్స్ అపాచీ. స్లాక్ నుంచి పాత మెసేజ్‌లు ఇందులోకి తెచ్చుకునే సదుపాయం ఉంది. చిన్న మెలిక: ఫోన్ నోటిఫికేషన్లు ఆపిల్, గూగుల్ సర్వీసుల ద్వారానే వెళ్లాలి కాబట్టి సొంత సర్వర్ పెట్టుకున్నా వాటికి జూలిప్ వాళ్ల సర్వీస్ మీద ఆధారపడాలి. పది మంది దాటితే సాధారణంగా కంపెనీలకి దానికి ప్లాన్ ఉంటుంది.

నా తీర్పు? రోజంతా కలిసి కోడ్ రాసే పది, ఇరవై మంది టీమ్‌కి జూలిప్. వేర్వేరు ఊళ్లలో, వేర్వేరు షిఫ్టుల్లో ఉండి నిదానంగా, పొడవుగా రాసుకునే టీమ్‌కి డిస్కోర్స్. ఇది గాల్లో చెప్పే మాట కాదు. రస్ట్ లాంగ్వేజ్ టీమ్‌లు రోజువారీ పని జూలిప్‌లో మాట్లాడుకుంటాయి. పైథాన్ కోర్ డెవలపర్లు ఏళ్ల తరబడి ఈమెయిల్ లిస్టుల్లో వాదించుకుని, ఆ తర్వాత డిస్కోర్స్‌కి మారారు. పైథాన్‌లో కొత్త మార్పు ఏదైనా ఎందుకు వచ్చింది, ఎవరు వద్దన్నారు, ఎందుకు వద్దన్నారు అన్నది హాస్టల్ రూంలో కూర్చుని నువ్వూ నేనూ ఇవాళ చదవొచ్చు. ప్రపంచంలో ఎక్కడో జరిగిన నిర్ణయం మనకి అర్థమవుతుంది, పక్క డెస్క్‌లో జరిగిన నిర్ణయం అర్థం కాదు. విచిత్రం కదా?

ఫ్రీ అంటే ఊరికే అని కాదు

ఓపెన్‌సోర్స్ అభిమానులు చెప్పకుండా దాటేసే భాగం ఇది. డిస్కోర్స్‌కి కనీసం 1 జీబీ ర్యామ్, జూలిప్‌కి కనీసం 2 జీబీ ర్యామ్ ఉన్న సర్వర్ కావాలి. అది పెద్ద ఖర్చేమీ కాదు. అసలు ఖర్చు మనిషి టైమ్.

ఇన్‌స్టాల్ చేయడం ఒక సాయంత్రం పని, డాకుమెంటేషన్ చూస్తూ మనలో ఎవరైనా చేసేస్తాం. ఆ తర్వాత ఈమెయిల్ దగ్గర ఆగిపోతాం. చాలా క్లౌడ్ కంపెనీలు స్పామ్ భయంతో పోర్ట్ 25ని మూసి ఉంచుతాయి, అందుకని మెయిల్ పంపడానికి ఇంకో సర్వీస్ తీసుకోవాలి. డొమైన్‌కి ఎస్‌పీఎఫ్, డీకిమ్ రికార్డులు పెట్టాలి. లేదంటే నోటిఫికేషన్లన్నీ స్పామ్ ఫోల్డర్‌లో పడతాయి. నోటిఫికేషన్ రాని ఫోరమ్‌ని నెల రోజుల్లో అందరూ మర్చిపోతారు.

ఆ తర్వాత బ్యాకప్. అదే సర్వర్‌లో పెట్టుకున్న బ్యాకప్‌ని బ్యాకప్ అనకూడదు. ఇల్లు కాలితే బీరువాలో దాచిన ఇన్సూరెన్స్ కాగితం కూడా కాలుతుంది. బ్యాకప్ వేరేచోట ఉండాలి, మూడు నెలలకోసారి దాన్ని వేరే మెషిన్‌లో రీస్టోర్ చేసి చూడాలి. అప్‌డేట్లు వేయాలి. అడ్మిన్ పాస్‌వర్డ్ కనీసం ఇద్దరి దగ్గర ఉండాలి. ఇంటర్న్ పెట్టి వెళ్లిపోయిన సర్వర్, పాస్‌వర్డ్ ఎవరికీ తెలియని సర్వర్, ఆ 45 సెకన్ల టైమవుట్ కంటే ప్రమాదం.

ఇదంతా చూసుకునే మనిషి టీమ్‌లో లేకపోతే? అప్పుడు సొంత సర్వర్ వద్దు. డిస్కోర్స్ వాళ్లూ, జూలిప్ వాళ్లూ తామే హోస్ట్ చేసి ఇస్తారు. అది తీసుకోండి, అప్పుడప్పుడు డేటా ఎక్స్‌పోర్ట్ చేసి దగ్గర పెట్టుకోండి. తాళం ఇంకా మన దగ్గరే ఉన్నట్టు లెక్క, ఎందుకంటే రేపు కావాలంటే అదే డేటాతో అదే సాఫ్ట్‌వేర్‌ని మన సర్వర్‌లో నడుపుకోవచ్చు.

తెలుగులో రాసుకుంటే?

మన ఆఫీసుల్లో మాటలు సగం తెలుగు, సగం ఇంగ్లీష్. రాతలోనూ అలాగే ఉంటే తప్పేం లేదు. అయితే ఎంచుకునే ముందు ఒక టెస్ట్ చేయండి, తెలుగులో వెతికి చూడండి.

"సర్వర్", "సర్వర్‌లో", "సర్వర్‌కి", "సర్వర్‌ది" మనకి ఒకే మాట. కంప్యూటర్‌కి నాలుగు మాటలు. ఇంగ్లీష్‌లో అయితే మాట చివర తోకలు కోసేసి మూలం పట్టుకునే పనిని స్టెమ్మర్ చేస్తుంది. డిస్కోర్స్ సెర్చ్ పోస్ట్‌గ్రెస్ మీద ఆధారపడుతుంది. పోస్ట్‌గ్రెస్‌తో పాటు వచ్చే స్టెమ్మర్లలో తమిళానికి ఉంది, హిందీకి ఉంది, నేపాలీకి కూడా ఉంది. తెలుగుకి లేదు. అది వచ్చేదాకా ఒక చిన్న పద్ధతి పాటించొచ్చు: వివరం తెలుగులో రాసినా టైటిల్‌లో ఒక ఇంగ్లీష్ కీవర్డ్, కింద ట్యాగ్ పెట్టడం.

తమిళం వాళ్లకి ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఎవరో కూర్చుని రూల్స్ రాశారు, ఓపెన్‌సోర్స్ కాబట్టి చేర్చగలిగారు. మన దగ్గర విభక్తులు తెలిసినవాళ్లు ఉన్నారు, కోడ్ తెలిసినవాళ్లు ఉన్నారు, ఇద్దరూ ఈ క్లబ్‌లోనే ఉన్నారు. ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్ కోసం ఇంకో అటెండెన్స్ యాప్ చేసే బదులు ఇది చూడొచ్చు కదా?

"ఎవరూ రారు" అన్న మాటకి

నాకు ఎప్పుడూ ఎదురయ్యే అభ్యంతరం ఇదే. "అందరూ వాట్సాప్‌లో ఉన్నారు, నీ ఫోరమ్‌కి ఎవరొస్తారు?" నిజమే, ఊరికే పెడితే ఎవరూ రారు. సాఫ్ట్‌వేర్ పెట్టినంత మాత్రాన అలవాటు రాదు. ఒకే ఒక్క రూల్ కావాలి: ఫోరమ్‌లో రాయని నిర్ణయం, నిర్ణయం కాదు. చాట్‌లో వాదించుకోండి, కాల్‌లో అరుచుకోండి, టీ కొట్టు దగ్గర తేల్చుకోండి. చివరికి ఒకరు వచ్చి ఐదు లైన్లు రాయాలి: ఏం తేల్చాం, ఎందుకు, ఇంకేం ఆలోచించి వద్దనుకున్నాం.

ఆ ఐదు లైన్లు ముందు రాయాల్సింది టీమ్ లీడ్. పెద్దవాళ్లు రాయకుండా జూనియర్లని రాయమంటే అది రికార్డ్ వర్క్‌లా తయారవుతుంది, మన ల్యాబ్ రికార్డులు ఎంత శ్రద్ధగా రాస్తామో అందరికీ తెలుసు. లీడ్ స్వయంగా "నాకిది తెలియదు, ఎవరికైనా తెలుసా?" అని ఒక టాపిక్ మొదలుపెడితే చాలు, మిగతావాళ్లకి ధైర్యం వస్తుంది.

ముగ్గురే ఉన్న టీమ్ అయితే ఇవేవీ వద్దు, రెపోలో ఒక టెక్స్ట్ ఫైల్ చాలు. ఐదుగురు దాటితే, ముఖ్యంగా మనుషులు వచ్చిపోతూ ఉంటే, అప్పుడు దీని అవసరం మొదలవుతుంది.

ప్లేస్‌మెంట్ ఇంటర్వ్యూ చివర్లో "ఎనీ క్వశ్చన్స్ ఫర్ అజ్?" అంటారు కదా. ప్యాకేజీ గురించి అడగలేక, ఏం అడగాలో తెలియక, వర్క్ కల్చర్ అని ఏదో అంటాం. ఈసారి ఇలా అడిగి చూడండి: "ఆర్నెల్ల క్రితం మీ టీమ్ తీసుకున్న ఏదో ఒక నిర్ణయం, ఎందుకు తీసుకున్నారో నేను ఎక్కడ చదవొచ్చు?" వాళ్లు లింక్ ఉంది అంటే ఆ టీమ్‌లో మీరు మొదటి నెల నుంచే పని చేయగలరు. ఒకరి పేరు చెప్తే, ఆ మనిషి ఉద్యోగం మారకూడదని మొక్కుకుంటూ చేరండి.